వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మంత్రి

మీరు తప్పు చేశానని పదిమందిలో చివరిసారి ఎప్పుడు ఒప్పుకున్నారు? ఇంట్లో గోడవైపు తిరిగి గొణుక్కున్నది లెక్కలోకి రాదు. "పొరపాటు జరిగిపోయింది" అని, ఆ పొరపాటు కాళ్ళు మొలిచి దానంతటదే నడిచొచ్చినట్టు చెప్పిందీ లెక్కలోకి రాదు. "నేను చేశాను, అది తప్పు" అని, ఎవరూ నిలదీయకముందే, మీ నోటితో మీరు ఎప్పుడన్నారు?

గుర్తుకు రావడం లేదు కదూ. నాకూ రాలేదు. అరవై ఆరేళ్ళు వెనక్కి వెతికినా ఒక్కటీ దొరకలేదు. కాని ఆ పనిని అన్నం తిన్నంత మామూలుగా చేసే మనిషిని ఒకాయన్ని నేను ఎరుగుదును. ఆయన తూర్పు ఆఫ్రికాలో ఒక దేశానికి మంత్రిగా చేసినవాడు. మంత్రి తప్పు ఒప్పుకోవడమేమిటని మీరు నవ్వుతారు. రంగూన్‌లో మా తెలుగువాళ్ళ పేట పజుండౌంగ్‌లో మేమూ నవ్వాం. ఆ నవ్వు గురించే ఇది రాస్తున్నాను.

ఆయన పోయాడని కిందటి వారం తెలిసింది. పేరు రాయను. ఆ పేరు పలికే అర్హత నాకుందో లేదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

బర్మా దేశం తలుపులన్నీ వేసుకుని కూర్చున్న కాలం అది. పరాయివాడు రంగూన్‌లో దిగితే ఏడు రోజుల వీసా, ఎనిమిదో రోజున విమానం. అలాంటి రోజుల్లో ఒక అంతర్జాతీయ సంస్థ ధాన్యం గోదాములు చూసి సలహా చెప్పమని ఈయన్ని కొన్ని నెలల పనిమీద పంపింది. ప్రభుత్వ అతిథిగృహంలో గది. ఒక ఆదివారం పజుండౌంగ్ బజారులో నడుస్తుంటే చేపలమ్మే మనిషి ఎవరినో "ఏటి కావాలి?" అని అడగడం ఆయన చెవిన పడింది. ఆరడుగులు దాటిన మనిషి బురదలో అలాగే నిలబడిపోయాడట. యుద్ధకాలంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో సిపాయిగా బర్మా వచ్చి, మలేరియాతో ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు, శ్రీకాకుళం వైపు వార్డు పనివాడొకడు రోజూ మంచం దగ్గరికి వచ్చి ఆ రెండు మాటలే అడిగేవాడట. నలభై ఏళ్ళు దాచుకున్న మాటలు. ఆయన చేపల తట్ట దగ్గర వంగి, తనూ "ఏటి కావాలి?" అన్నాడు. బజారంతా గొల్లుమంది.

అప్పట్నుంచి అదే ఆయన పలకరింపు. టీ కొట్టుకి తనే వచ్చి, కొట్టువాణ్ణే ఏటి కావాలని అడిగేవాడు. టీ కొట్లలో వేసే ఆ పొట్టి బల్లల మీద కూర్చుంటే ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. కళ్ళజోడు ఒకవైపు కాడ విరిగితే నల్లదారం కట్టుకున్నాడు. సభకి వస్తే కుర్చీని వెనక గోడదాకా లాక్కుని కూర్చునేవాడు, తన తల ఎవరికీ అడ్డం రాకూడదని. ఇండియావాళ్ళమని మమ్మల్ని ఈ ఊళ్ళో చులకనగా "కలా" అని పిలిస్తే మాకు ఒళ్ళు మండేది. ఆఫ్రికావాళ్ళని ఇక్కడ ఎద్దేవాగా "కప్పలి" అంటారు. మేము ఆయన్ని ముఖాన మంత్రిగారూ అనీ, వీపు వెనక కప్పలి మంత్రి అనీ అనేవాళ్ళం. మేమేదో తెల్లగా ఉన్నట్టు!

ఆయన అలవాటు ఒకటి చెబితే మనిషి మొత్తం కనిపిస్తాడు. కబుర్లయ్యాక సెలవు తీసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, వీధి చివరిదాకా వెళ్ళేవాడు. అక్కడ ఆగేవాడు. చూపుడువేలు పైకెత్తి, అదే నడకతో వెనక్కి వచ్చేవాడు. "ఇందాక నేను చెప్పినదాంట్లో ఒకటి తప్పు," అనేవాడు. ఆ తప్పు ఏమిటంటే, తమ ఊళ్ళో నది తూర్పుకి పారుతుందని చెప్పాడు, నిజానికి అది కొంతదూరం ఉత్తరానికి పోయి తర్వాత తూర్పుకి తిరుగుతుంది. అంతే. దానికోసం వానలో ఫర్లాంగు నడిచి వచ్చాడు. వేలు పైకి లేచిందంటే చాలు, అరుగుల మీద ఆడవాళ్ళు "అదిగో, నది తిరిగిందర్రా" అని నవ్వుకునేవారు.

ఇప్పుడు మా సంగతి చెప్పాలి. రేవు కూలీల మనవలం మేము. జంతుబలి వద్దనీ, పెళ్ళి పంక్తుల్లో కులం వద్దనీ పోట్లాడి ఒక సంస్కరణ సంఘం పెట్టుకున్నాం. బియ్యం కొట్టు మీద మేడగది, నాలుగు బెంచీలు, ఒక నల్లబల్ల. ప్రతి ఆదివారం వాదం. ఒకరు పూర్వపక్షం, ఒకరు సిద్ధాంతం, గంట కొట్టడానికి ఒక అధ్యక్షుడు. అందరికీ ఒకే రకం కప్పులు, ఎవరి కప్పుతోనైనా ఎవరైనా తాగాలి. దానికి మా తాతలు తన్నులు తిన్నారు. మాకో కట్టుబాటు ఉండేది. వాదంలో ఎవరైనా "నాది తప్పే" అన్నాడంటే నల్లబల్ల మీద అతని పేరు కింద సుద్దతో ఒక గీత పడేది. ఒప్పుకోలు గీత అనేవాళ్ళం. ఎక్కువ గీతలు పడ్డవాడు ఓడిపోయినట్టు. పదకొండేళ్ళలో నా పేరు కింద ఒక్క గీత కూడా లేదు. అది నా తెలివికి గుర్తని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఆ కట్టుబాటే మా అందరి బుద్ధినీ పాడుచేసిందని, సత్యం కోసం పెట్టుకున్న సంఘంలో ఒప్పుకోవడాన్ని శిక్షగా మార్చుకున్నామని, హేతువాదినని చెప్పుకునే నాకు ఒక్కసారీ తట్టలేదు.

తన మంత్రిపదవి కథ ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పలేదు. వ్యవసాయ మంత్రిగా ఉండగా విదేశాల నుంచి ట్రాక్టర్లు తెప్పించాడట. ఆ నల్లరేగడి వానకి నానితే వాటి చక్రాలు ఇరుసుదాకా దిగబడేవి. అక్కడి ఆడవాళ్ళు కలుపు తీస్తూ ఆయన మీద పాట కట్టారు, "మంత్రిగారు నాటిన ఇనుప మొక్కలు ఎప్పుడు కాస్తాయో" అని. ఆ పాట ఆయనే మాకు పాడి వినిపించాడు, గాల్లో స్టీరింగు తిప్పుతూ. మరో ఏడు కరువొచ్చింది. ఆకలితో ఎవరూ చావలేదని శాసనసభలో లేచి చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆరు నెలలు గడిచాక అదే సభలో లేచి, ఆ రోజు నేను చెప్పింది అబద్ధం, చచ్చిపోయారు, నాకు తెలుసు, అన్నాడు. ఆ సాయంత్రానికి పదవి పోయింది. ఇంత చెప్పి ఆయన టీ ఊదుకుంటూ, "ఆరు నెలలు ఆలస్యం చేశాను. వీధి మరీ పొడుగైపోయింది," అన్నాడు.

మూడోది మాకు తగిలే సంగతి. ఆ రెండింటికీ ముందు ఒకసారి, తమ దేశపు చిన్న ఊళ్ళలో దుకాణాలు పెట్టుకున్న మన ఇండియావాళ్ళందరూ నెల తిరిగేలోగా ఖాళీ చేసి పోవాలన్న ఉత్తర్వు మీద సంతకం చేసింది ఈయనే. ఆ మాట వినగానే నాకు పండగైపోయింది. ఎందుకో చెబుతాను. బర్మా ప్రభుత్వం పొమ్మంటే మాలో సగం ఇళ్ళ నుంచి పెదనాన్నలో, మేనత్తలో మూటలు కట్టుకుని ఇదే రేవులో ఓడలెక్కి పోయినవాళ్ళున్నారు. వాళ్ళని పంపించినవాళ్ళని ఏమిటయ్యా ఇది అని అడిగే గుండె మాలో ఎవరికీ లేదు. ఇక్కడే పుట్టినా మా చేతుల్లో ఉన్నవి విదేశీయుల కార్డులు. ఇన్నేళ్ళ తర్వాత అలాంటి సంతకం పెట్టిన చెయ్యి ఒకటి మా మధ్యే కూర్చుని టీ తాగుతోంది. పైగా దాని వెనక పోలీసులు లేరు.

ఆదివారం వాదానికి పిలిచాను. తప్పు చేసిన పాలకుణ్ణి మన్నించవచ్చునా అన్నది విషయం. మన్నించకూడదన్న పక్షం నాది. రెండోపక్షం తను తీసుకోనని, ప్రశ్నలకి మాత్రం జవాబు చెబుతానని ఆయన వచ్చాడు. ఆ రోజు మెట్లమీద కూడా జనం. నేను ఇంగ్లీషులో అడగడం, ఆయన జవాబు నేనే తెలుగు చేసి చెప్పడం. దుబాసీ నేనే, ప్రాసిక్యూటరూ నేనే. ఎవరి బలవంతం మీద సంతకం చేశారని అడిగాను. ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు, ఆ పొద్దున టీ కూడా బాగుంది, అన్నాడు. జనం హోరెత్తారు. తప్పేనా? తప్పే. గీత. వాళ్ళు పోయేరోజున స్టేషనుకి వెళ్ళి చూశారా? లేదు, అదీ తప్పే, వెళ్ళాల్సింది. గీత. అలా ఏడు గీతలు. ప్రతి గీతకీ చప్పట్లు. ఆయన ఒక్కసారి కూడా తల దించలేదు, గొంతు పెంచలేదు. చివర్న, తనూ ఒక్క ప్రశ్న అడగవచ్చా అన్నాడు.

"మీ ఊళ్ళోనూ మంత్రులున్నారు. వాళ్ళని ఎప్పుడైనా ఇలా అడిగారా?"

ఆ ప్రశ్నని నేను తెలుగు చెయ్యలేదు. విషయానికి సంబంధం లేదని అధ్యక్షుడితో అన్నాను. అధ్యక్షుడు గంట కొట్టాడు. గెలిచానని దండ వేశారు. ఇంగ్లీషు వచ్చిన ఇద్దరు ముగ్గురు నేలచూపులు చూశారు. కప్పులు కడగడానికి వచ్చిన సోమమ్మ మాత్రం, వెళ్ళిపోతున్న ఆయనకి తడి చేత్తోనే టీ అందించి, "ఏటి బాబూ, అందరూ కలిసి ఒక్కడిమీద పడ్డారు," అంది.

సోమమ్మ గురించి చెప్పాలి. గంజాం నుంచి వచ్చిన కుటుంబం, ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు. నది అవతల తన్లిన్‌లో నూనె శుద్ధి కర్మాగారం పక్కన ఒక గుడిసె. మొగుడు అక్కడ పనిచేస్తూ పోయాడు. రోజూ పడవలో వచ్చి మా మేడగది ఊడ్చి, టీ కాచి వెళ్ళేది. ఆవిడకి గ్రామదేవత ఉంది, దిష్టి ఉంది, చింతచెట్టు మీద మొగుడి దయ్యం ఉంది. నా వ్యాసాల్లో మూఢనమ్మకానికి ఉదాహరణ కావాల్సి వస్తే నేను ఆవిడనే రాసేవాణ్ణి. చదువు రాదు కదా, తెలియదని.

ఆ వానాకాలంలోనే ప్రభుత్వం మీద ఊరు లేచింది. విద్యార్థులు, రేవు కూలీలు, నర్సులు, సన్యాసులు, చివరికి గుమాస్తాలు కూడా రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి. తర్వాత ప్రభుత్వమే మాయమైపోయినట్టు కొన్ని వారాలు గడిచాయి. వార్డు ఆఫీసులకి తాళాలు పడ్డాయి. ఏ వీధికావీధి వెదురు కంచె కట్టుకుని కాపలా పెట్టుకుంది. మంచినీళ్ళ కుండల్లో విషం కలుపుతున్నారని పుకారు. ముక్కూమొహం తెలియని మనిషి కంచె దగ్గర దొరికితే ఏమవుతాడో చెప్పలేం. మా వీధి కాపలా వంతులు రాసింది నేనే.

మంత్రిగారు ఆ వారం ట్వంటే పల్లెల్లో గోదాములు చూడ్డానికి వెళ్ళి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అతిథిగృహానికి తాళం, పనివాళ్ళందరూ ఊరేగింపుల్లో. ఆయన సంస్థవాళ్ళు దొరికిన విమానం ఎక్కి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం, జోరువాన. మా తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే ఆయన. చేతిలో చిన్న సంచి, కళ్ళజోడు నిండా నీళ్ళు. ఏటి కావాలని అనలేదు. విమానాలు మొదలయ్యేదాకా కొన్నాళ్ళు ఒక మూల చోటిస్తారా అని అడిగాడు.

ఇక్కడ ఒక నిబంధన ఉంది. ఇంట్లో బయటి మనిషి రాత్రి ఉంటే వార్డు ఆఫీసులో అతిథి చీటీ రాయించాలి. అది లేకుండా పరాయి దేశస్థుణ్ణి ఉంచితే, రేపు మళ్ళీ ప్రభుత్వం వచ్చాక, నా కార్డు, నా పిల్లల కార్డులు ఏమవుతాయోనని భయపడ్డాను. ఆ భయం నిజమైనదే. భయపడుతున్నానని చెప్పి ఉంటే ఆయన తప్పకుండా అర్థం చేసుకునేవాడు. అలా చెబితే ఒప్పుకోలు కదా. నేను చెప్పిందేమిటంటే: "పొద్దున్నే వార్డు ఆఫీసుకి వెళ్ళాను. ఈ రోజుల్లో అతిథి చీటీలు ఇవ్వరట."

"అవునవును, నిబంధన నిబంధనే," అన్నాడు. సంచి చెయ్యి మార్చుకుని వెళ్ళాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. వీధి చివర ఆగాడు. వేలెత్తి వెనక్కి వచ్చాడు.

"ఆఫీసుకి తాళం వేసి ఉంది. ఇప్పుడే దాని ముందు నుంచే వచ్చాను. నాకోసం ఈ వానలో మళ్ళీ వెళ్తారేమోనని చెప్పడానికి వచ్చాను."

ఆయన ముఖంలో ఎత్తిపొడుపు లేదు. చాలా ఏళ్ళు వెతికాను ఆ ముఖంలో, లేదు. అబద్ధం చెప్పినవాడికి దాన్ని దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇవ్వడానికి, తడిసిన బూట్లతో వీధంతా వెనక్కి నడిచి వచ్చాడు. నేను ఏమన్నానో తెలుసా? "ఓహో, అలాగా, థాంక్యూ," అన్నాను. తలుపు వేశాను.

లోపల మా ఆవిడ ఆయన గొంతు వినగానే ఎసట్లో ఇంకో గ్లాసు బియ్యం పోసేసింది. ఆ అన్నం అలాగే మిగిలింది. మర్నాడు పొద్దున అదే చద్దన్నం నా కంచంలో వడ్డించింది.

తర్వాతిది సోమమ్మ నోట విన్నాను, నెలలు గడిచి, సైన్యం మళ్ళీ ఊరిని గుప్పిట్లో పెట్టుకుని, మా మేడగది తెరిచాక. ఆ రోజు రేవులో వానకి తడుస్తూ నిలబడ్డ ఆయన్ని చూసి పడవెక్కించుకుపోయిందట. అవతలి కంచె దగ్గర కర్రలవాళ్ళు ఆపితే, గంజాం నుంచి వచ్చిన మా బావ, మాట రాదు, అని చెప్పింది. నమ్మడానికి రంగు అడ్డం రాలేదు. అందులో మనకీ ఆయనకీ తేడా ఎంతని! నుదుట విభూతి పెట్టి, మొగుడి లుంగీ కట్టించింది. ఏ చిన్న తప్పూ నోట ఉంచుకోలేని మనిషి పదకొండు రోజులు ఆ అబద్ధంలో మూగవాడిగా బతికాడు. నీళ్ళు మోశాడు. దేవత గూటి ముందు దీపం ఆరిపోతే వెలిగించాడు. పన్నెండో రోజున సంస్థవాళ్ళు కబురు తెలిసి తీసుకుపోయారు. వాడంతా ఇప్పటికీ ఆయన్ని సోమమ్మ బావ అంటారు.

ఇదంతా చెప్పి సోమమ్మ నాతో అన్నమాట వినండి. "మీ ఇల్లు దొరక్క ఇటొచ్చినాడు పాపం. మేస్టారింటికి ఎల్లుంటే ఇద్దరూ ఇంగిలీసు మాట్లాడుకుందురు. నా కొంపలో పడి మూగోడైపోనాడు."

నేను తల ఊపాను. ఇరవై ఏళ్ళుగా ఊపుతూనే ఉన్నాను. ఆవిడని నా వ్యాసాల్లోంచి తీసేశాను, అంతే. అది సంస్కారమని కూడా అనుకున్నాను.

కిందటి వారం సోమమ్మ మనవరాలు వంతెన మీది బస్సులో వచ్చి నన్ను తన్లిన్ తీసుకెళ్ళింది. కుట్టు ఫ్యాక్టరీలో పని చేస్తుంది, అమ్మమ్మని బర్మా మాటతో అఫ్వా అని పిలుస్తుంది. "మాస్టారు, మా అఫ్వాకి ఫారిన్ లెటర్ వచ్చింది. ఇంగ్లీష్. మీరు రీడ్ చేసి చెప్తారా?" అంది. కవరు ఎవరో విప్పి మళ్ళీ అంటించారు. ఈ దేశంలో ఉత్తరం అలాగే వస్తుంది.

రాసింది ఆయన కూతురు. నాన్నగారు నిద్రలోనే పోయారని, చివరిదాకా గుమ్మంలోకి ఎవరొచ్చినా ఏదో అర్థంకాని భాషలో రెండు మాటలు పలికేవారని రాసింది. అక్కడిదాకా గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. సోమమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. తర్వాతి పేరా ఇది: "రంగూన్‌లో తనకి రెండు ఇళ్ళు ఆశ్రయం ఇచ్చాయని నాన్న ఎప్పుడూ చెప్పేవారు. ఒకటి మీది, ఒకటి పజుండౌంగ్‌లో ఒక మిత్రుడిది. పోయే ముందు నెలలో నన్ను పిలిచి, అది తప్పు, దిద్ది రాయమన్నారు. రెండు కాదు. ఒక్కటే."

నది వంపుకోసం వెనక్కి నడిచొచ్చిన మనిషి, నా పరువు కోసం ఇరవై ఏళ్ళు ఒక అబద్ధం మోశాడు. మోసి మోసి, ఇక ఊపిరి చాలక దించాడు.

ఆ పేరా నేను చదవలేదు.

"ఇంకేటి రాసింది మేస్టారూ?" అంది సోమమ్మ.

"అంతే," అన్నాను.

మనవరాలు నా పక్కనే నిలబడి కాగితంలోకి చూస్తోంది. ఈ తరం పిల్లలు మాట్లాడేదానికంటే ఎక్కువ అర్థం చేసుకుంటారు. ఆ అమ్మాయి నా ముఖంలోకి ఒకసారి చూసి, ఉత్తరం తీసుకుని పాత మడత మీదే మడిచి, థాంక్యూ మాస్టారు, అంది.

మేడగది ఏనాడో పోయింది. నల్లబల్ల మాత్రం మా ఇంట్లో బీరువా వెనక ఉంది. నిన్న బయటికి లాగాను. రాతలన్నీ చెరిగిపోయాయి. ఆయన ఏడు గీతలూ లేవు, నా గెలుపులూ లేవు. నా పేరు కొత్తగా రాశాను. కింద ఒక గీత గీశాను. అది వంకరగా వచ్చింది. బల్ల మీద గీస్తే సరిపోదని నాకు తెలుసు. రేపు పొద్దున బస్సుకి తన్లిన్ వెళ్తున్నాను. సోమమ్మ ముందు కూర్చుని, కిందటి వారం నేను చెప్పినదాంట్లో ఒకటి తప్పు అని మొదలుపెట్టి, ఆ పేరా చదువుతాను. ఆ తర్వాత ఆవిడ టీ ఇస్తుందో, తలుపు చూపిస్తుందో ఆవిడ ఇష్టం.

మీరు నాకు శిక్ష వెయ్యండి, కాని జాలి పడకండి. మీరు వేసిన తలుపు కూడా ఒకటి ఉంది. ఇది చదువుతున్నంతసేపూ అది మీకు కనిపిస్తూనే ఉంది. ఆ మనిషి బతికే ఉన్నాడా? అయితే ఈ కాగితం పక్కన పెట్టండి. చెప్పులు వేసుకోండి. వీధి ఇంకా పొడుగు కాకముందే, వేలెత్తి, వెనక్కి నడవండి.